తయారీ ఆగి ముప్పై ఏళ్లు... ఆర్‌ఎక్స్‌ మాత్రం ఇంకా లైన్‌ మీదే!

సాయంత్రం ఏడు దాటాక సూర్యాపేటలో మెయిన్‌ రోడ్డు పక్కన ఏ టీ కొట్టు దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. బుల్లెట్లు పోతుంటాయి, పల్సర్లు పోతుంటాయి, రెండు లక్షలు పెట్టి కొన్న కొత్త బండ్లూ పోతుంటాయి. ఎవరూ తల తిప్పరు. ఇంతలో దూరం నుంచి సన్నగా, కొంచెం జీరగా ‘రింగ్‌... డింగ్‌డింగ్‌డింగ్‌’ అని ఒక చప్పుడు. టీ గ్లాసులు గాల్లోనే ఆగిపోతాయి. కాలేజీ కుర్రాడి నుంచి అరవై ఏళ్ల పెద్దాయన వరకు అందరి నోటా ఒకటే మాట: ‘‘ఆర్‌ఎక్స్‌ రా!’’

ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే ఇవాళ దాన్ని ముద్దు చేస్తున్న కుర్రాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. నేనూ ఆ లెక్కలోకే వస్తాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌, మనసు మాత్రం టూ-స్ట్రోక్‌! ఈ మధ్య సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ బండ్లు బతికిస్తున్న మెకానిక్‌లతో, కుర్రాళ్లతో కొన్ని ఆదివారాలు గడిపాను. కంపెనీ వదిలేసిన బండిని ఊరు ఎందుకు వదలట్లేదు? షోరూమ్‌లో లేని బండి డ్రాగ్‌ రేసులో ఎలా నిలబడుతోంది? ఆ కథే ఇది.

పదకొండేళ్లే బతికింది

యమహా ఆర్‌ఎక్స్‌ 100ని మన దేశంలో ఎస్కార్ట్స్‌ కంపెనీ 1985 చివర్లో తెచ్చింది. అప్పటికే రాజ్‌దూత్‌లు తయారుచేస్తున్న కంపెనీ అది. మొదట్లో విడిభాగాలు జపాన్‌ నుంచి వస్తే ఇక్కడ బిగించారు. అందుకే ఆ తొలి బండ్లను ‘మేడిన్‌ జపాన్‌’ అంటూ ఇప్పటికీ దేవుడి పటంలా చూసుకునేవాళ్లున్నారు.

కాగితం మీద చూస్తే పెద్దగా ఏమీ లేదు. 98 సీసీ, 11 హార్స్‌పవర్‌, నాలుగు గేర్లు, బరువు వంద కిలోల చుట్టూ. కానీ అదే కాలంలో మన రోడ్ల మీదున్న నాలుగు స్ట్రోకుల 100 సీసీ బండ్లు ఏడెనిమిది హార్స్‌పవర్‌ దగ్గరే ఆగేవి. తక్కువ బరువు, ఎక్కువ దమ్ము. ఫస్ట్‌ గేర్‌లో క్లచ్‌ వదిలితే ముందు చక్రం లేచేది.

1996లో కాలుష్య నిబంధనలు కఠినమయ్యాయి. ఆర్‌ఎక్స్‌ 100 వెళ్లిపోయింది. దాని తమ్ముళ్లు ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్‌ 135 ఇంకొన్నేళ్లు నడిచి, 2000 తర్వాత అవీ సెలవు తీసుకున్నాయి. పేరు మాత్రం పోలేదు. 2018లో అజయ్‌ భూపతి తీసిన ‘ఆర్‌ఎక్స్‌ 100’ సినిమా వచ్చినప్పుడు ఆ బండిని ఎన్నడూ నడపని తరానికి కూడా పేరు నోటికొచ్చింది.

సెకనుకు 125 సార్లు

ఇంత చిన్న ఇంజిన్‌లో అంత ఊపు ఎక్కడిది? ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు చదివినదాని కంటే కోదాడలో ఒక షెడ్డులో అరగంట కూర్చుంటే నాకు ఎక్కువ అర్థమైంది.

మామూలు బండ్లలో ఇంజిన్‌ రెండు చుట్లు తిరిగితే పెట్రోల్‌ ఒక్కసారి మండుతుంది. టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. నిమిషానికి 7,500 చుట్లు తిరిగితే సెకనుకు 125 సార్లు మంట. అదే వేగంలో నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో 62 సార్లే. అందుకే ఆ చప్పుడు విడివిడిగా వినపడదు, జరీ అంచులా ఒకటే గీత.

ఇంకో రహస్యం సైలెన్సర్‌లో ఉంది. నిజానికి అది సైలెన్సర్‌ కాదు, ఇంజిన్‌లో సగం! టూ-స్ట్రోక్‌లో వాల్వులుండవు, సిలిండర్‌ గోడకు కిటికీల్లాంటి పోర్టులుంటాయి. పొగ బయటికి పోతుండగానే కొత్త పెట్రోల్‌ గాలి లోపలికి వస్తుంది. అందులో కొంత పొగతోపాటు బయటికి జారిపోతుంది. దాన్ని ఆపేది ఎవరు? శబ్ద తరంగం. మధ్యలో లావుగా, చివర సన్నగా ఉండే ఆ గొట్టం చివరి నుంచి తరంగం వెనక్కి కొట్టి, జారిపోతున్న మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది.

లెక్క వేసి చూశాను. 7,500 చుట్ల దగ్గర ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లు. అందులో పొగ కిటికీ తెరిచి ఉండేది సుమారు సగం, అంటే 4. వేడి పొగలో శబ్దం సెకనుకు దాదాపు 500 మీటర్లు పోతుంది. అంటే 4 మిల్లీసెకన్లలో రెండు మీటర్లు: ఒక మీటరు పోవడానికి, ఒక మీటరు రావడానికి. ఆర్‌ఎక్స్‌ సైలెన్సర్‌ పొడవు ఎందుకంత ఉంటుందో ఇప్పుడు తెలిసిందా? ‘సౌండ్‌ కోసం’ ఆ గొట్టాన్ని కోసి పారేసేవాళ్లు పవర్‌నే కోసుకుంటున్నారు. చప్పుడు పెరుగుతుంది, బండి మందగిస్తుంది.

లేత్‌ మీద పునర్జన్మ

షోరూమ్‌ లేదు, సర్వీస్‌ సెంటర్‌ లేదు. మరి ముప్పై ఏళ్ల బండి రేసుకు ఎలా తయారవుతుంది?

సమాధానం లేత్‌ మిషన్‌. ఆర్‌ఎక్స్‌ 100 సిలిండర్‌ లోపలి వెడల్పు 50 మిల్లీమీటర్లు, పిస్టన్‌ పైకీ కిందికీ కదిలే దూరమూ 50 మిల్లీమీటర్లే. సిలిండర్‌ అరిగితే పావు మిల్లీమీటరు చొప్పున బోరింగ్‌ చేసి కొంచెం పెద్ద పిస్టన్‌ వేస్తారు. ఒక మిల్లీమీటరు వరకు వచ్చేసరికి 98 సీసీ కాస్తా 102 సీసీ అవుతుంది. మనుషులు వయసుతో చిక్కితే ఈ బండి వయసుతో పెరుగుతుందన్నమాట! ఆ తర్వాత పాత గోడ తీసేసి కొత్త స్లీవ్‌ దించుతారు. మళ్లీ మొదటి నుంచి లెక్క.

ఆర్‌ఎక్స్‌ 135లో పిస్టన్‌ దూరం అదే 50, వెడల్పు మాత్రం 58 మిల్లీమీటర్లు. మొత్తం 132 సీసీ. అయిదు గేర్ల రకం కూడా వచ్చింది. డ్రాగ్‌ రేసుకు కుర్రాళ్లు ఎక్కువగా వెతికేది దీన్నే.

మిర్యాలగూడ చుట్టూ రైస్‌ మిల్లులు. మిల్లు ఆగితే నష్టం కాబట్టి షాఫ్టులు, బేరింగులు అప్పటికప్పుడు తయారుచేసే పనోళ్లు ఆ ఊళ్లో ఎప్పుడూ ఉన్నారు. పొద్దంతా మిల్లు సామాన్లు చేసే లేత్‌ మీదే, రాత్రి ఆర్‌ఎక్స్‌ సిలిండర్‌ ఎక్కుతుంది. కోదాడకి బెజవాడ దగ్గర కాబట్టి స్పేర్లకు అటు పోతారు. సూర్యాపేట వాళ్లు హైదరాబాద్‌ బస్సెక్కుతారు. ముగ్గురి దగ్గరా దొరకని పార్టు ఏదైనా ఉంటే, ఆగిపోయిన ఇంకో ఆర్‌ఎక్స్‌ని వెతకాలి. ఒక బండి చచ్చి ఇంకో బండిని బతికించడం ఇక్కడ మామూలే.

సూర్యాపేటలో యాభై దాటిన ఒక మెకానిక్‌ కాకా దగ్గర చాలాసేపు కూర్చున్నాను. స్క్రూడ్రైవర్‌ ఒక చివర ఇంజిన్‌కి ఆనించి, ఇంకో చివర చెవికి పెట్టుకుని బేరింగ్‌ సంగతి చెప్పేస్తాడు. నా ఫోన్‌లో ఆర్‌పీఎం చూపించే యాప్‌ తీస్తే నవ్వాడు.

‘‘గది తర్వాత చూస్కో తమ్మీ. ముందు ఈ ప్లగ్గు చూడు. బెల్లం రంగు ఉంటే బండి మంచిగున్నట్టు. తెల్లగైతే పిస్టన్‌ పోతది. నల్లగైతే పెట్రోల్‌ ఎక్కువ తాగుతున్నట్టు.’’

‘‘ఈ పని ఎవరికన్నా నేర్పినవా కాకా?’’ అనడిగాను.

‘‘ఎవడొస్తడు? వచ్చినోడు రెండు నెల్లు చేసి డెలివరీ యాప్‌లోకి పోతడు. వాని తప్పు గాదు. నెల తిరిగితే పైసలు గావాలె గదా.’’

నన్ను భయపెట్టింది ఈ మాటే. పార్టులు ఎక్కడో ఒకచోట తయారవుతాయి. ఆ చెవి, ఆ చెయ్యి మళ్లీ తయారవడం కష్టం. కోడ్‌ అయితే ఎక్కడో ఒక సర్వర్‌లో భద్రంగా ఉంటుంది. కాకా బుర్రలో ఉన్నదానికి బ్యాకప్‌ లేదు!

దీనికి తోడు కొత్త చిక్కు పెట్రోల్‌. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్‌ కలిపింది. ఇథనాల్‌ నీటిని లాగుతుంది, పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది. పైగా అదే జెట్‌తో నడిపితే ఇంధనం పాలు తగ్గి ఇంజిన్‌ వేడెక్కుతుంది. టూ-స్ట్రోక్‌లో వేడెక్కడం అంటే పిస్టన్‌ పట్టేయడమే. అందుకే తెలిసిన మెకానిక్‌లు కార్బురేటర్‌లో ఒక సైజు పెద్ద జెట్‌ వేసి, రబ్బర్లన్నీ మార్చేస్తున్నారు.

అమెరికాలో పాంటియాక్‌ది ఇదే కథ

ఇది మన పిచ్చి మాత్రమే కాదు. అమెరికాలో పాంటియాక్‌ అని ఒక కార్ల బ్రాండ్‌ ఉండేది. 1926లో మొదలైంది. 1964లో మధ్యరకం కారులో 389 క్యూబిక్‌ ఇంచుల, అంటే 6.4 లీటర్ల పెద్ద ఇంజిన్‌ పెట్టి ‘జీటీఓ’ తెచ్చి దేశాన్ని ఊపేసింది. మాతృసంస్థ జనరల్‌ మోటార్స్‌ 1963 మొదట్లోనే రేసుల నుంచి తప్పుకొన్నా, ఇల్లినాయి రాష్ట్రానికి చెందిన రైతు ఆర్నీ బెస్విక్‌ లాంటివాళ్లు పాంటియాక్‌లతోనే డ్రాగ్‌ రేసుల్లో పేరు తెచ్చుకున్నారు.

2009 ఏప్రిల్‌లో జనరల్‌ మోటార్స్‌ ఆ బ్రాండ్‌ను మూసేస్తున్నట్టు చెప్పింది. 2010కల్లా అంతా ముగిసింది. పాంటియాక్‌ సొంత వీ8 ఇంజిన్ల తయారీ అయితే 1981లోనే ఆగింది. అయినా ఇవాళ్టికీ ఏటా ఒహాయోలోని నార్వాక్‌ డ్రాగ్‌ స్ట్రిప్‌ దగ్గర పాంటియాక్‌ అభిమానులు కూడి రేసులు వేసుకుంటారు. చిన్న కంపెనీలు ఆ పాత ఇంజిన్‌కు కొత్త బ్లాకులు, అల్యూమినియం హెడ్లు పోతపోసి అమ్ముతున్నాయి. బ్రాండ్‌ కంపెనీది కావచ్చు, బండి మాత్రం నడిపేవాడిదే.

మన దగ్గరా కార్ల వైపు ఇలాంటి కథలున్నాయి. కాంటెస్సా 2002లో, అంబాసిడర్‌ 2014లో పోయాయి. షెవర్లే అమ్మకాలు 2017లో ఆగాయి. ఫోర్డ్‌ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఈ కార్లు ప్రాణంగా చూసుకునేవాళ్లు ప్రతి జిల్లాలో ఒకరిద్దరు తగులుతారు. కానీ కారు డబ్బున్నోళ్ల ఆట. మూడు ఊళ్ల మధ్యతరగతి కుర్రాడి చేతికి అందిన రేసు బండి ఆర్‌ఎక్సే.

లైట్ల చెట్టు కింద

డ్రాగ్‌ రేస్‌ అంటే చాలామంది అనుకునేది ‘ఎవడు ముందు పోతే వాడే’ అని. అసలు ఆట అంతకంటే నాజూకు.

పూర్తి దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. ఇద్దరే పోటీదారులు, తిన్నని దారి. మొదట్లో లైట్లున్న స్తంభం ఉంటుంది, దాన్ని ‘క్రిస్మస్‌ ట్రీ’ అంటారు. పసుపు లైట్లు వెలిగి పచ్చ రాగానే కదలాలి. ముందే కదిలితే ఎర్ర లైటు, ఆట ఖతం. పచ్చ వెలిగాక మీరు కదలడానికి పట్టిన సమయం వేరుగా, చక్రం కదిలిన దగ్గర నుంచి గీత దాటేవరకు పట్టిన సమయం వేరుగా, సెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తారు. వేగమైన బండి ఉన్నవాడు కూడా లైటు దగ్గర కునుకు తీస్తే ఓడిపోతాడు.

ఇందులో పాత బండ్లకు వరంలాంటి పద్ధతి ఒకటుంది: బ్రాకెట్‌ రేసింగ్‌. మీ బండి ఎంత సమయంలో గీత దాటుతుందో మీరే ముందు చెప్పాలి. మీరు 16 సెకన్లు, పక్కవాడు 13.5 అంటే, మీకు రెండున్నర సెకన్ల ముందే పచ్చ లైటు వేస్తారు. చెప్పినదాని కంటే వేగంగా పోయినా ఓటమే! అంటే గెలిచేది డబ్బు కాదు, తన బండి గురించి తనకున్న లెక్క. నార్వాక్‌ లాంటి చోట్ల యాభై ఏళ్ల కార్లు ఇంకా పోటీ పడుతున్నాయంటే ఇలాంటి పద్ధతులు ఒక కారణం.

మన దేశంలో మోటార్‌ స్పోర్ట్‌ను నడిపేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనే సమాఖ్య. జాతీయ డ్రాగ్‌ చాంపియన్‌షిప్‌ అనగానే సూపర్‌బైక్‌ల మీద పలుమార్లు గెలిచిన బెంగళూరు రైడర్‌ హేమంత్‌ ముద్దప్ప గుర్తొస్తాడు. కానీ అదే పోటీల్లో టూ-స్ట్రోక్‌లకు విడిగా తరగతులున్నాయి. అక్కడ ఆర్‌ఎక్స్‌లదే సందడి. హయబుసా పోయిన స్ట్రిప్‌ మీదే, అదే లైట్ల కింద మన ఊరి ఆర్‌ఎక్స్‌ కూడా నిలబడొచ్చు. కావాల్సింది పోటీ లైసెన్సు, ఫుల్‌ఫేస్‌ హెల్మెట్‌, లెదర్‌ సూట్‌, గ్లౌజులు, బూట్లు. బండిని బొలెరో ట్రాలీలో ఎక్కించుకుని పోవాలి. చిక్కల్లా దూరమే. ఈ పోటీలకు పేరున్న మద్రాస్‌ రేస్‌ ట్రాక్‌ కోదాడ నుంచి అయిదు వందల కిలోమీటర్ల పైనే.

హైవే అంటే స్ట్రిప్‌ కాదు

అంత దూరం పోలేనివాళ్లు ఏం చేస్తున్నారు? అందరికీ తెలిసిందే. రాత్రి పదకొండు దాటాక బైపాస్‌.

65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ మీదుగా బెజవాడ పోతుంది. మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు. రెండూ సాఫీగా, తిన్నగా ఉంటాయి. చూస్తే ఎవరికైనా చెయ్యి తిప్పాలనిపిస్తుంది. కానీ గంటకు 110 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 30 మీటర్లు పోతుంది. చీకట్లో ఎదుట ఉన్నది కనపడి, బుర్రకు ఎక్కి, బ్రేకు మీద వేలు పడేసరికే ఆ 30 మీటర్లు అయిపోతాయి. పైగా ఆర్‌ఎక్స్‌కు ఫ్యాక్టరీ ఇచ్చింది డ్రమ్‌ బ్రేకులు. ఇంజిన్‌కు వేలు ఖర్చుపెట్టి బ్రేకుల సంగతి మరిచేవాళ్లే ఎక్కువ.

మన ఊళ్లలో ఎదురయ్యేది ఏంటి? వెనక లైటు లేని ట్రాక్టర్‌. డివైడర్‌ సందులోంచి అడ్డంగా వచ్చే బర్రె. వరి కోతలప్పుడైతే రోడ్డు సగం దాకా ఆరబోసిన వడ్లు, వాటి మీద నల్ల పట్టా, పట్టా ఎగరకుండా చుట్టూ పెట్టిన బండరాళ్లు. నా ఇంజినీరింగ్‌ క్లాస్‌మేట్‌ ఒకడు అలాంటి రాయికే తగిలాడు. వాడు బతికాడు. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. వాడి ఆర్‌ఎక్స్‌ని వాళ్ల నాన్న పాత ఇనుముకు అమ్మేశాడు. ‘‘దాన్ని ఎందుకు అమ్మిండు రా, అదేం చేసింది?’’ అని ఇప్పటికీ వాడు మమ్మల్నే అడుగుతాడు. జవాబు చెప్పే ధైర్యం మాకెవరికీ లేదు.

చట్టం సంగతీ తెలుసుకోండి. రోడ్డు మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్‌ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. మైనర్‌ దొరికితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల జరిమానాతోపాటు మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

కానీ జరిమానా ఒక్కదానితోనే ఇది ఆగదు. అమెరికాలోనూ మొదట రోడ్ల మీదే కొట్టుకునేవాళ్లు. 1951లో వాలీ పార్క్స్‌ అనే ఆయన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం పెట్టి, కుర్రాళ్లను రోడ్డు మీద నుంచి స్ట్రిప్‌కు రప్పించే పని మొదలెట్టాడు. 1953లో వాళ్ల మొదటి అధికారిక పోటీ జరిగింది ఎక్కడో తెలుసా? కాలిఫోర్నియాలోని పొమోనాలో, జాతర మైదానం పార్కింగ్‌ స్థలంలో! కోట్ల రూపాయల స్టేడియం అక్కర్లేకుండానే మొదలైంది.

కొనాలనుకుంటున్నారా?

ఇది చదివాక ఒకటి కొనాలనిపిస్తే తొందరపడొద్దు. కొత్తలో ఉన్న ధరకు అనేక రెట్లు చెబుతున్నారు. మోసాలూ అంతే ఉన్నాయి.

• ఇంజిన్‌ నంబరు, ఛాసిస్‌ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఆర్‌ఎక్స్‌ 100 నంబరు ‘1ఎల్‌1’తో మొదలవుతుంది. గీకి మళ్లీ కొట్టిన గుర్తులుంటే వదిలేయండి.

• పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్‌ తప్పనిసరి. 2022 ఏప్రిల్‌లో బైకులకు ఈ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. పాత బకాయిలు, గ్రీన్‌ ట్యాక్స్‌ ఎవరు కడతారో ముందే తేల్చుకోండి.

• పొల్యూషన్‌ పరీక్ష చేయించండి. బాగా సెట్‌ చేసిన టూ-స్ట్రోక్‌ పాత బండ్లకున్న పరిమితిలో పాసవుతుంది. తెల్లపొగ మేఘంలా వస్తుంటే క్రాంక్‌ సీల్‌ పోయినట్టే, ఖర్చుకు సిద్ధపడాలి.

• రేసు కోసం చేసిన మార్పులు రోడ్డు మీద చెల్లవు. రోడ్డుకు ఒక బండి, స్ట్రిప్‌కు ఒక బండి. రెండూ కలిపితే రెండూ పోతాయి.

402 మీటర్లు చాలు

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో ఫార్ములా-ఈ కోసం హుస్సేన్‌సాగర్‌ పక్కన రోడ్లు మూసి, గోడలు కట్టి, అంతర్జాతీయ రేసు నడిపారు. అంటే అనుమతులు, అంబులెన్సులు, బారికేడ్లు మన రాష్ట్రానికి తెలియని పనేం కాదు. మూడు ఊళ్ల కుర్రాళ్లు అడిగేది దాంతో పోలిస్తే ఆవగింజంత. నేరుగా 402 మీటర్లు, ఆగడానికి దానికంటే కొంచెం ఎక్కువ, రెండు వైపులా కంచె, ఒక అంబులెన్సు, లైట్ల చెట్టు. నెలకు ఒక్క ఆదివారం. సమాఖ్య నిబంధనలు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి.

అది వస్తే లాభం కుర్రాళ్లకే కాదు. సెకనులో వెయ్యో వంతు కోసం పోటీ ఉన్నచోట మంచి మెకానిక్‌కు గిరాకీ ఉంటుంది, గిరాకీ ఉన్నచోట పని నేర్చుకునే పిల్లాడు నిలబడతాడు. సూర్యాపేట కాకా చెవికి అదొక్కటే బ్యాకప్‌.

ఆ మధ్య ఆయనకు ఈ మాటే చెప్పాను. ప్లగ్గు తుడుస్తూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: ‘‘పెట్టమను తమ్మీ. పెడితే నేనే ఒక బండి కట్టిస్త. పైసలు గూడ తీసుకోను. గానీ నడిపెటోడు రాత్రి ఇంటికి పోవాలె.’’